సవర భాష వచ్చిన నర్సమ్మ సవర గూడేనికి ఎందుకు రాకూడదు?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను 1986లో ఏఎన్‌ఎంగా, అంటే ఊరూరా తిరిగే ఆరోగ్య నర్సుగా ఉద్యోగంలో చేరాను. సీతంపేట ఏజెన్సీ కొండల్లోనూ, పాలకొండ చుట్టుపక్కల పల్లపు ఊళ్లలోనూ 35 ఏళ్లు పనిచేసి, 2021లో హెల్త్ సూపర్‌వైజర్‌గా పదవీ విరమణ చేశాను. మొన్న దసరాకు నాతో పనిచేసిన ఒక ఆశా కార్యకర్త తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్లు సవరలు, ఈ కొండల్లో సొంత భాష ఉన్న ఆదివాసులు. ఆ పిల్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆరోగ్య ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా మూడేళ్లుగా పనిచేస్తోంది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "అమ్మా, ప్రజారోగ్యంలో పీజీ చేద్దామనుకుంటున్నాను. చదివితే మళ్లీ మా కొండమీదికి వచ్చి పనిచేసే ఉద్యోగం ఏదైనా ఉంటుందా?" అని అడిగింది. ఎక్కడ చదవాలో, ఎన్నేళ్లు చదవాలో చెప్పగలిగాను గానీ అసలు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకు జవాబు చెప్పవలసిన వాళ్లు ప్రభుత్వంలో ఉన్నారు కనుక, వారి దృష్టికి తీసుకువెళ్లాలని మీ పత్రిక ద్వారా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా తల్లి సంగతి చెప్పాలి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలై, ఊరికొక ఆశా ఉండాలన్న పథకం వచ్చినప్పుడు ఆ గూడెం వాళ్లు ఆమెను ఎంచుకున్నారు. మైదానంలో వెయ్యి మంది జనాభాకు ఒకరు, కొండ ప్రాంతాల్లో జనాభా అంత లేకపోయినా ఆవాసానికి ఒకరు ఉండవచ్చునన్న నిబంధన వల్లనే ఆ చిన్న గూడేనికి ఒక మనిషి దొరికింది. అప్పటికి నేను ఆ కొండల్లో తిరగడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. నాకు అక్కడి మనుషులు తెలుసునని, వాళ్లకు నా మాట అర్థమవుతున్నదని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం ఎంత తప్పో ఒక మధ్యాహ్నం ఆమె నాకు చూపించింది.

ఒక ఇంట్లో పాతికేళ్ల యువకుడికి వైవాక్స్ మలేరియా అని రక్తపరీక్షలో తేలింది. క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. కాలేయంలో దాగిన క్రిమి పోవాలంటే ఆ 14 రోజులూ తప్పకూడదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, మధ్యలో ఎందుకు మానకూడదో నేను తెలుగులో విడమరచి చెప్పాను. అతను ప్రతి మాటకూ "ఊఁ" అన్నాడు. అతని తల్లీ "ఊఁ" అంది. రిజిస్టరులో రాసుకుని బయటికి వచ్చాక ఆశా నా చెయ్యి పట్టుకుని ఆపి, "నర్సమ్మా, వాళ్లు ఊఁ అన్నారంటే అర్థమైపోయిందని కాదమ్మా. మీరు పెద్దవారు, ఎదురు చెప్పకూడదని అన్నారు. జ్వరం తగ్గిందంటే మూడోనాటికి మాత్రలు పక్కన పడేస్తారు" అంది. మళ్లీ లోపలికి వెళ్లి, చూరు కింద ఉన్న మూకుడులోంచి చింతపిక్కలు తీసి, లెక్కపెట్టి 14 పిక్కలు ఒక గుడ్డముక్కలో కట్టి ఆ తల్లి చేతికిచ్చింది. సవరలో ఏదో చెప్పింది. ఆ తల్లి ఈసారి ఊఁ అనలేదు, ఎదురు ప్రశ్నలు వేసింది. రోజూ కొడుకు మాత్ర మింగాక ఒక పిక్క తీసి పారెయ్యాలని, మూట ఖాళీ అయ్యేదాకా జ్వరం పోయినట్టు కాదని చెప్పిందట. రెండు వారాల తర్వాత నేను వెళ్తే ఆ తల్లి గుమ్మంలోనే ఖాళీ గుడ్డ దులిపి చూపించింది.

ప్రజారోగ్యం గురించి నేను హాజరైన శిక్షణలు లెక్కలేనన్ని. వాటిలో 'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట వినని రోజు లేదు. కానీ ఆ చింతపిక్కల మూట చూశాకనే నాకు ఆ మాట అర్థం తెలిసింది. ఎదుటివాళ్లు తిరిగి ప్రశ్న వేసేలా చెప్పగలగడం ఆ పనిలో సగం. అది వాళ్ల భాష తెలిసిన, వాళ్ల ఇంట్లో మూకుడు ఎక్కడ ఉంటుందో తెలిసిన మనిషికే సాధ్యం.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు 1970లో పని మొదలుపెట్టినప్పుడు చదువురాని పల్లె స్త్రీలను, అందులోనూ దళిత స్త్రీలను ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు కొద్దిపాటి చదువున్న పల్లె స్త్రీలకు పసికందులను కాపాడే విద్య నేర్పారు. 39 ఊళ్లలో జరిగిన ఆ ప్రయత్నంలో నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఇవాళ మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి, దూలానికి తూనిక వేలాడదీసి గుడ్డ ఉయ్యాలలో పసిబిడ్డను తూచి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తోందో లెక్కపెడుతున్నదంటే దాని మూలం ఆ గడ్చిరోలి పల్లెల్లో ఉంది. ఊపిరులు అరవై దాటితే బిడ్డకు ప్రమాదమని ఆమెకు తెలుసు. ఆ తల్లిని ఆసుపత్రికి ఒప్పించడం ఎలాగో కూడా ఆమెకే తెలుసు. డోలీ కట్టి నలుగురు మగవాళ్లు వాగు దాటించవలసిన చోట, ఒప్పించడమంటే ఆ నలుగురినీ, వాళ్ల ఇళ్లవాళ్లనూ ఒప్పించడం.

ఇంత పని తెలిసిన మనిషికి మన వ్యవస్థ ఇచ్చిన స్థానం ఏమిటో చూడండి. ఆమె ఉద్యోగి కాదు, గౌరవ వేతనం తీసుకునే స్వచ్ఛంద కార్యకర్త. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించినప్పుడు మా మండలంలో అందరం సంతోషించాము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలకు పెంచింది. 2025లో ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ల వరకు పనిచేసే అవకాశం ప్రకటించింది. ఇవన్నీ ఆశా కార్యకర్తలు రోడ్లమీద కూర్చుని సాధించుకున్నవి, మంచివి, అవసరమైనవి. అయినా ఒక మాట మిగిలిపోతోంది. 62 ఏళ్ల వరకు ఆమె ఆశాగానే ఉంటుంది. చేరిననాడు ఏ మెట్టుమీద నిలబడిందో, దిగిపోయేనాడూ అదే మెట్టు. ఇరవై మంది ఆశాలకు ఒక ఫెసిలిటేటర్ అన్న ఏర్పాటు కాగితం మీద ఉంది గానీ, దాన్ని దాటి పైకి దారి లేదు.

పేరు మార్చి మెట్టు మార్చకపోవడం మనకు కొత్త కాదు. 1977 అక్టోబర్ 2న కేంద్రం ఊరికొక ఆరోగ్య కార్యకర్త పథకం ప్రారంభించింది. అప్పుడు ఎంపికైనవారిలో ఎక్కువమంది మగవాళ్లు. వాళ్లను కొన్నాళ్లు కార్యకర్తలన్నారు, తర్వాత వాలంటీర్లన్నారు, ఆ తర్వాత గ్రామ ఆరోగ్య మార్గదర్శకులన్నారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి వాళ్లలో కొందరు పాత మందుల పెట్టెను ధాన్యపు గాదె మీద పెట్టుకుని, ఇక ఎవరూ అడగరని తెలిసి వ్యవసాయంలోకి వెళ్లిపోయారు. అందులో ఒకాయన నాకు మొదటి సంవత్సరం దారి చూపించాడు, ఏ ఇంట్లో ఎవరికి క్షయ ఉండేదో నోటితో చెప్పాడు. ఆయన జ్ఞానం ఎక్కడా నమోదు కాలేదు. మళ్లీ అదే జరుగుతుందేమోనని నా భయం.

ఇప్పుడు కూతురి సంగతి. ఆ పిల్ల చదువుకుని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అయింది. మెరిట్ జాబితా ప్రకారం పిలిచినప్పుడు ఖాళీ ఉన్న చోటు కోరుకోవాలి కాబట్టి సముద్రం ఒడ్డున ఒక మత్స్యకార గ్రామంలో చేరింది. అక్కడ బాగా పనిచేస్తోందని విన్నాను. పడవలు ఒడ్డుకు వచ్చే వేళ చూసుకుని బీపీ పరీక్షలు పెట్టుకుంటుందట. దానికి సంతోషమే. కానీ అదే సమయంలో ఆమె పుట్టిన గూడేనికి దగ్గరి ఉపకేంద్రంలో మైదానం నుంచి వచ్చిన మరో అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, కష్టపడుతుంది. అయితే ప్రతి ఇంటికీ ఆశాను దుబాసీగా తీసుకుపోవాలి. గర్భిణి కడుపు నొప్పి ఎలా ఉందో, ఎప్పుడు మొదలైందో మరొకరి నోటిద్వారా తెలుసుకోవాలి. ఒక స్త్రీ తన నెలసరి గురించీ, భర్త కొట్టాడన్న సంగతీ మూడో మనిషి ఎదుట ఎలా చెబుతుంది? సవర వచ్చిన నర్సు సముద్రం ఒడ్డున ఉండటం, సవర రాని నర్సు సవర గూడెంలో ఉండటం ఎవరి దురుద్దేశం వల్లా జరగలేదు. దరఖాస్తులో మార్కులు అడిగారు, రిజర్వేషన్ అడిగారు, జిల్లా అడిగారు. మీకు ఏ భాషలు వచ్చునని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ మాట అంటే వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరపు జీవో 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది. ఆ తీర్పు ఏజెన్సీలో చదువుకున్న పిల్లలను ఎంత కుంగదీసిందో నేను చూశాను, దాని గురించి వాదించవలసింది చాలా ఉంది. కానీ నేను ఇక్కడ అడుగుతున్నది వేరు. రోగి భాష తెలిసి ఉండటం వైద్య సేవకు అవసరమైన ఒక అర్హత. సవర గానీ, కువి గానీ, గోండి, కోయ, కొలామి, ఆదివాసీ ఒడియా గానీ వచ్చినవాళ్లకు, వాళ్లు ఏ కులంలో పుట్టినా, మాట్లాడించి చూసి ఆ భాషా ప్రాంతపు పోస్టుల్లో అదనపు మార్కులు ఇవ్వవచ్చు. పదేళ్లు కొండమీద ఉండి భాష నేర్చుకున్న మైదానపు నర్సుకూ ఆ మార్కులు రావాలి. ఎక్కువగా ఆదివాసీ పిల్లలకే వస్తాయన్నది నిజమే, అది న్యాయమే.

సవర భాష గురించి మాట్లాడేటప్పుడు గిడుగు వెంకట రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. ఏటా ఆగస్టు 29న ఆయన పేరుతో తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు వింటాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి, సవరలతో వాళ్ల భాషలోనే మాట్లాడాలని ఆయన ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు, 1931లో సవర భాషా వ్యాకరణం ప్రచురించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోగొట్టుకుని కూడా ఆయన విన్న భాషను, ఇన్నేళ్ల తర్వాత మన ఆరోగ్య శాఖ అర్హతగా గుర్తించలేదంటే నాకు బాధగా ఉంది.

భాష ఒక్కటే కాదు, ప్రాతినిధ్యం అవసరమైన చోట్లు మైదానంలోనూ ఉన్నాయి. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు నియమితులయ్యారు. బల్లకు అటువైపు తమలాంటి మనిషి కూర్చుంటే, లోపలికి అడుగుపెట్టడానికే జంకే రోగి నోరు తెరుస్తాడు. ఆ సంగతి ఆశాను వెంటబెట్టుకుని తిరిగిన ప్రతి ఏఎన్‌ఎంకూ తెలుసు.

మరి ఆ కూతురికి చదువు విషయంలో నేను ఏం చెప్పానంటే, ప్రజారోగ్యంలో పీజీకి డాక్టరే కానవసరం లేదు, నర్సింగ్ చదివినవాళ్లూ, సామాజిక శాస్త్రాలు చదివినవాళ్లూ చేరవచ్చు. మన దగ్గరే హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ 2008 నుంచి ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఆ కోర్సు ఉంది. రెండేళ్లు చదవాలి. అక్కడ జబ్బుల లెక్కలు కట్టడం, సర్వేలు చేయడం, పథకాలు బేరీజు వేయడం నేర్పుతారు. ఇవి తనకు తప్పక కావాలి. తల్లి చింతపిక్కలతో ఒక ఇంట్లో చేసిన పనిని ఒక డివిజన్ అంతటా ఎలా చేయాలో, అది ఫలించిందో లేదో ఎలా తేల్చాలో ఆ చదువు చెబుతుంది.

కానీ చదివి వచ్చాక ఉద్యోగం ఎక్కడ? 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలోనూ ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక క్యాడర్, అంటే విడిగా ఒక ఉద్యోగ శ్రేణి ఉండాలని, అందులో నర్సింగ్, సామాజిక శాస్త్రం, మానవ శాస్త్రం చదివినవారికీ చోటుండాలని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం దాని అమలుకు మార్గదర్శకాలూ విడుదల చేసింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1939లోనే ప్రజారోగ్య చట్టం వచ్చింది, అందులో మన ఆంధ్ర జిల్లాలూ ఉన్నాయి. తమిళనాడు ఆ పునాది మీద ప్రత్యేక ప్రజారోగ్య విభాగాన్ని నిలబెట్టుకుంది. మన జిల్లాల్లో మాత్రం పీజీ చదివిన పిల్లలు ఎక్కువగా కాంట్రాక్టు మీద జిల్లా కార్యాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని, కిందినుంచి వచ్చిన నివేదికలు పైకి పంపుతున్నారు. అంత చదివి గూడెం మొహం చూడకుండా అంకెలు కలపడం వాళ్లకూ నష్టమే, గూడేనికీ నష్టమే.

మెట్లు కొత్తగా కట్టనక్కరలేదు, విడివిడిగా పడి ఉన్నవాటిని కలిపితే చాలు. ఏఎన్‌ఎం శిక్షణలోనూ, జనరల్ నర్సింగ్‌లోనూ అర్హత ఉన్న ఆశా కార్యకర్తలకు కొన్ని సీట్లు కేటాయించవచ్చునని జాతీయ ఆరోగ్య మిషన్ చాలాకాలం క్రితమే రాష్ట్రాలకు సూచించింది. మన ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో దాన్ని గట్టిగా అమలు చేయాలి. శిక్షణ కాలంలో ఆమె ఇల్లు గడవాలి కనుక గౌరవ వేతనం ఆపకూడదు. నర్సింగ్ చదివి ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ పూర్తి చేసినవారు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు అవుతున్నారు కదా, అలా కొన్నేళ్లు పనిచేసినవారిని ప్రజారోగ్య పీజీకి జీతంతో పంపి, తిరిగి వచ్చాక వాళ్ల ఏజెన్సీ డివిజన్‌లోనే ప్రజారోగ్య అధికారిగా నియమించాలి. పీజీ చదివే మైదానపు పిల్లలకు కనీసం ఒక సెమిస్టరు కొండ ఉపకేంద్రంలో ఉండటం తప్పనిసరి చేయాలి. పదో తరగతి దాటని ఆశాలకు ఈ మెట్లు అందవన్నది నిజం. వాళ్ల అనుభవానికి విలువ కట్టే మరో పని ఉంది. కొత్త ఏఎన్‌ఎంలకూ, కొత్త డాక్టర్లకూ మొదటి నెల కొండమీద శిక్షణ ఇచ్చే గురువులుగా వాళ్లను నియమించి, దానికి విడిగా జీతం ఇవ్వాలి. నన్ను ఆ మధ్యాహ్నం ఆశా చెయ్యి పట్టుకుని ఆపకపోయి ఉంటే ఆ కుర్రాడికి మళ్లీ జ్వరం వచ్చేది, నేను మందు పనిచేయలేదని రాసుకునేదాన్ని.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీల గురించి కూడా ఒక మాట. ఊరికి ఏడాదికి 10,000 రూపాయల నిధితో, ప్రజలే తమ ఆరోగ్య అవసరాలు నిర్ణయించుకోవాలని పెట్టిన కమిటీలవి. నేను కూర్చున్న చాలా సమావేశాల్లో తీర్మానం ముందే తెలుగులో రాసి ఉండేది, గూడెం వాళ్లు వేలిముద్ర వేసేవారు. నేనూ వేయించాను, దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఒకసారి మాత్రం, ఆశా ముందు సవరలో అడిగాక తీర్మానం రాద్దామని పట్టుబట్టింది. మేము బ్లీచింగ్ పౌడరు కొనాలనుకున్నాం. వాళ్లు ఊటబావి చుట్టూ రాతికట్టు కావాలన్నారు, వానాకాలంలో పశువులు దిగి నీళ్లు బురద చేస్తున్నాయని చెప్పారు. కట్టు కట్టించాక ఆ వానాకాలం గూడెంలో విరేచనాల కేసులు నా రిజిస్టరులో మునుపటికన్నా తక్కువగా నమోదయ్యాయి. పౌడరు కొని ఉంటే ఖర్చు రాసుకునేవాళ్లం, అంతే.

ఆ తల్లీకూతుళ్లు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. కూతురు వచ్చే ఏడాది ప్రవేశ పరీక్ష రాస్తానంది. తల్లికి ఇంకా పద్నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఆ పిల్ల చదువు పూర్తయ్యేలోగా, ఆరోగ్య శాఖ అధికారులు క్యాడర్ మొత్తం ఏర్పాటు చేయలేకపోయినా కనీసం ఒక పని చేయాలని వేడుకుంటున్నాను. ఈసారి ఏజెన్సీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు, దరఖాస్తులో అభ్యర్థికి వచ్చిన భాషలు రాసుకోవడానికి ఒక గడి పెట్టండి. ఆ గడిలో 'సవర' అని రాసిన పిల్లను సవర గూడెం దగ్గరి ఉపకేంద్రానికి పంపండి.

ఇట్లు,
విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
పాలకొండ, పార్వతీపురం మన్యం జిల్లా